పూత దాటిన జనుము

ఫోను జేబులో కుక్కుకుని తవిటినాయుడు తిన్నగా అమ్మగారి దగ్గరికి వచ్చాడు. మొహం కందగడ్డ చేసుకుని ఉన్నాడు.

అమ్మగారు చింతచెట్టు నీడలో డ్రమ్ము ముందు నిలబడి, కర్రతో మట్టికి పోసే జీవామృతం కలుపుతున్నారు. పేడ, ఆవు మూత్రం, బెల్లం, సెనగపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి అన్నీ అందులో పడ్డాయి. మేం చుట్టూ నిలబడి చూస్తున్నాం.

"ఇవ్వరటండీ," అన్నాడు నాయుడు. "వచ్చే ఏటి నుంచి మన బడికి పైసా ఇవ్వరట."

"ఎందుకట?"

"రైతుకి ఇస్తారట. నేరుగా రైతుకే ఇస్తారట. పాఠాలు చెప్పేవాళ్ళకి మళ్ళీ పాఠాలేటి, చదువుకునే కదా ఉద్యోగాల్లోకి వచ్చారు అంటున్నాడు ఆ ఫౌండేషన్ ప్రభంజన్ గారు. మీ దగ్గర నేర్చుకున్న మేస్టారు ఎన్ని బస్తాలు పండించాడో చెప్పండి అంటున్నాడు. ఏటి చెప్పమంటారు నన్ను?"

అమ్మగారు కర్ర ఆపలేదు. కుడివైపు తిప్పడం మొదలుపెడితే కుడివైపే తిప్పుతారు ఆవిడ, మధ్యలో మార్చరు.

"విత్తనం సంచీ ఇస్తే ఫొటో వస్తుంది," అన్నాడు నాయుడు. "స్ప్రేయరు ఇస్తే ఫొటో వస్తుంది. చెప్పేవాడి బుర్రలోకి నాలుగు ముక్కలు ఎక్కితే దానికి ఫొటో ఎక్కడ తీస్తారండీ? అదీ వాళ్ళ బాధ!"

"రమ్మను," అన్నారు అమ్మగారు. "వచ్చి చూడమను."

"ఏటి చూపిస్తాం?"

"వీళ్ళు నేర్చుకుంటున్నారుగా. అది చూపిద్దాం."

నాయుడు మా వైపు చూశాడు. మేం చూడ్డానికి ఏం బావుంటాం? మోకాళ్ళ దాకా బురద, చేతులకి పేడ. అతని చూపు మా మీద ఆగకుండా మా వెనకున్న జనుము చేను మీదికి వెళ్ళింది. అప్పుడే మొగ్గలు పసుపు తిరుగుతున్నాయి.

"ఆ చేను పూతకొస్తే చూడముచ్చటగా ఉంటుందండి," అన్నాడు.

అమ్మగారు డ్రమ్ము మీద గోనె కప్పారు.

అమ్మగారంటే వరాహలమ్మ గారు. వ్యవసాయ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై, పార్వతీపురం అవతల కొండవార కొంత భూమి కౌలుకి తీసుకుని ఈ బడి పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మట్టిబడి అంటారు. ఇక్కడ రైతులు నేర్చుకోరు. రైతులకి నేర్పేవాళ్ళు వచ్చి నేర్చుకుంటారు. తవిటినాయుడు కాలేజీలో ఆవిడ శిష్యుడు. మంచి ఉద్యోగం వస్తానంటే కాదని ఆవిడ వెంట వచ్చేశాడు. బస్సు చార్జీల దగ్గర్నుంచి బియ్యం దాకా, ఎడ్ల అద్దె దాకా అన్నీ చూసేది అతనే. పట్నంలోని ఒక ఫౌండేషన్ డబ్బుతో బడి నడుస్తోంది. మా బ్యాచి దాకా ఆ డబ్బు అందింది. మా తరవాత లేదన్నమాట.

ఇక నా సంగతి. నేను వ్యవసాయం డిప్లొమా చదివాను. మందుల కొట్టు చుట్టూ తిరిగే చదువు అది. ఏ పురుగుకి ఏ డబ్బా, అంతే. ఉద్యోగం ఇచ్చి, కొండ కింద ఓ ఊరికి పంపి, మందుల్లేని సేద్యం నేర్పమ్మా రైతులకి అన్నారు. నాకెవరు నేర్పారు? ఫోనుకి ఓ వీడియో పంపారు. చూసుకో అన్నారు. ఊళ్ళో పెద్దాయన అప్పలస్వామి తాత ఏదో అడిగితే, ఆఫీసు గోడ మీది పోస్టరు వైపు తిరిగి చదివి చెప్పాల్సి వచ్చింది నాకు. పాఠం చెప్పే ఉద్యోగం ఇచ్చారు గానీ పాఠం ఇవ్వలేదు. ఆ మంట నాకింకా చల్లారలేదు, చల్లారదు కూడా.

తాత మాత్రం నన్ను ఏమీ అనలేదు. "నువ్వెళ్ళి నేర్చుకునిరా తల్లీ. కాలవ కింది మడి నీకొదిలేస్తాను. నువ్వెలాగంటే అలాగే," అన్నాడు. ఆ మడి మీదే ఆ ఇంటి తిండి. అన్న మాట ప్రకారం జనుము చల్లాడు. అంతటి మడి నా మాట మీద పెట్టుకుని అక్కడ అతను కూర్చుంటే, నేను ఇక్కడ కూర్చున్నాను.

జనుము అంటే తెలియనివాళ్ళ కోసం చెప్తాను. వరికి ముందు చల్లుతారు. అది కోసుకోడానికి కాదు, తినడానికి కాదు. ఏపుగా పెరిగి, పూత మొదలవగానే దున్ని మట్టిలో కలిపేస్తారు. కుళ్ళి మట్టికి బలం అవుతుంది. దాని మీద వరి ఉడుస్తారు, అంటే నారు నాటుతారు.

ఆ పాఠం మాకు మొదటి రోజే చెప్పింది తవిటినాయుడే. అబ్బ, ఎంత బాగా చెప్పాడో! అమ్మగారు గట్టు దగ్గర నిలబడి ఎప్పుడూ అనే మాట, "చెప్పులు విప్పండి," అన్నారు. విప్పి దిగాం. మా బ్యాచిలో రిటైర్మెంటుకి దగ్గరపడ్డ గవరయ్య మేస్టారు కూడా గొణుక్కుంటూ విప్పారు. నాయుడు ఓ జనుము మొక్క పీకి మా ముందు పట్టుకున్నాడు.

"దీనికి పుస్తకం అక్కర్లేదు. తేదీ అక్కర్లేదు. మొక్క పీకి మధ్యకి విరవండి. ఫట్‌మని రెండు ముక్కలైతే ఆ రోజే దున్నాలి. విరక్కుండా వంగి, నారతో వేలాడిందా, రోజు దాటిపోయింది. అప్పుడది తాడు పేనుకోడానికి పనికొస్తుంది గానీ మట్టికి పనికిరాదు. దున్నినా నాగలికి చుట్టుకుంటుంది. కుళ్ళదు. మీద వేసిన వరిని పచ్చబడనివ్వదు."

విరిచి చూపించాడు. చెంప మీద కొట్టినట్టు చప్పుడైంది. గవరయ్య మేస్టారు కూడా ఒకటి విరిచి చిన్నపిల్లాడిలా నవ్వారు.

అంత బాగా చెప్పిన మనిషి.

ఫౌండేషన్ వాళ్ళు మంగళవారం వస్తామన్నారు. సోమవారం పొద్దున్న అమ్మగారు చేలో నుంచి ఓ మొక్క పీకి విరిచారు. ఫట్‌మంది.

"దున్నించు నాయుడూ."

"రేపు వాళ్ళొస్తున్నారండి. పూత చూస్తే మనసు మారుతుంది. ఒక్క రోజు ఆగుదాం."

ఒక్క రోజుకి కొంప మునగదు. ఆవిడ సరేనన్నారు. విరిచిన మొక్కని అతని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

మంగళవారం వాళ్ళు రాలేదు. శుక్రవారం వస్తామన్నారు. శుక్రవారం మీటింగు పడిందన్నారు. ఆ పై వారం అన్నారు. వాళ్ళకేం పోయింది? వాళ్ళ మీటింగులు పూత పుయ్యవు, ముదరవు.

ఈ లోపల వాన పడింది. దున్నడానికి అంతకంటే మంచి అదను రాదు. చేను నిండా పసుపే. నాయుడు చేను చుట్టూ కర్రలు పాతి నైలాన్ తాడు కట్టాడు. ముందు బ్యానరు కట్టాడు. గట్ల మీద గడ్డి చెక్కించాడు, మా చేతే. చెక్కాక మమ్మల్ని గట్టు మీదికి రావద్దన్నాడు. అడుగులు పడితే బురద అవుతుందిట!

పాఠాలు రేకుల షెడ్డులోకి వచ్చేశాయి. గోడ మీద బొమ్మలు వేసి చూపించడం మొదలుపెట్టాడు. బయట చేను ఉంది. లోపల మేం చేను బొమ్మ చూస్తున్నాం. రేకుల కింద ఉడికిపోతూ గవరయ్య మేస్టారు అన్నారు, "ఊరుకోండమ్మా, పెళ్ళివారొస్తున్నారు. పిల్లని ముట్టుకుంటే మేకప్ పోదూ?"

అందరం నవ్వాం. నాకు మాత్రం నవ్వుతూనే ఒళ్ళు మండింది.

అమ్మగారు రోజూ పొద్దున్నే తాడు కింద నుంచి వంగి చేలోకి వెళ్ళి ఓ మొక్క పీకి, విరిచి, నాయుడి బల్ల మీద పెట్టేవారు. మొదట్లో రెండు ముక్కలుగా ఉండేది. తరవాత ఓ రోజు రెండు ముక్కల మధ్య సన్నటి నార కనబడింది. ఆ తరవాత మొక్క ముక్కలవడమే మానేసింది. నాయుడు దాన్ని చూడకుండానే పక్కకి తోసి ఫోను ఎత్తేవాడు. బడి కోసమే ఆ ఫోన్లన్నీ. వాళ్ళని బతిమాలీ బతిమాలీ గొంతు బొంగురుపోయింది పాపం. తిండి కూడా సరిగ్గా తినలేదు. అది నేను కాదనను.

అటు ఆకుమడిలో వరి నారు కూడా ఎదిగిపోతోంది. జనుము దున్ని, అది మగ్గి, ఆ తరవాత కదా ఉడుపులు. ఇది కదలకపోతే అది ఎక్కడ నాటుతారు?

అప్పలస్వామి తాత ఫోను చేశాడు. "పూత మొదలైందమ్మా. ఏటి సెయ్యమంటావు?"

"ఓ మొక్క పీకి విరువు తాతా."

ఆకుల గలగల వినబడింది. తరవాత ఫోనులోంచే ఆ చప్పుడు వినిపించింది.

"ఇరిగింది తల్లీ."

"అయితే దున్నెయ్యి. ఇప్పుడే."

"అలాగే," అన్నాడు. మారు మాట లేదు. పోస్టరు చూడకుండా నేను చెప్పిన మొదటి మాట అది. ఫోను పెట్టి షెడ్డులోంచి బయటికి చూస్తే, తాడు అవతల మా చేను నిక్షేపంగా పూసి నిలబడి ఉంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపంతోనే.

తిన్నగా నాయుడి దగ్గరికి వెళ్ళాను.

"చేను ఎప్పుడు దున్నుతారు సార్? తాత మడి దున్నడానికి దిగుతున్నాడు. తరవాత ఏం చెయ్యాలో మేం ఇక్కడ చేసి చూస్తేనే కదా అక్కడ చెప్పగలం?"

"తొందరేటి? చెప్తాను కదా."

"గోడ మీద బొమ్మ చూపించి చెప్తారా? ఆ బొమ్మలు చూసే కదా సార్ మేం ఇలా తగలడ్డాం!"

బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "ఎవరి కోసం చేస్తున్నాననుకున్నావు? నా కోసమా? నీ తరవాత వచ్చేవాళ్ళ కోసం! నీలాంటివాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారో తెలుసా ఊళ్ళల్లో? బడి మూతపడితే వాళ్ళు ఎక్కడికి పోతారు?"

"మరి నేను?"

"నీకేం? నువ్వు వచ్చీసావు కదా!"

విసురుగా బయటికి వచ్చేశాను. అమ్మగారు ఆకుమడి గట్టు మీద కూర్చుని కలుపు తీస్తున్నారు. ఆవిడ మీద కూడా విరుచుకుపడ్డాను.

"మీరైనా చెప్పొచ్చు కదండీ ఆయనకి! గురువుగారు మీరు!"

"ఏమని చెప్పను?"

"ఎప్పుడు దున్నాలో చెప్పండి!"

ఆవిడ తలెత్తి చూశారు. ఆవిడ కళ్ళల్లో నా కోపం కంటే పెద్ద కోపం ఉంది. అప్పటిదాకా నాకు తెలియలేదు.

"ఆ పాఠం నీకు చెప్పింది ఎవరు పైడికుమారీ?" అన్నారు. మళ్ళీ వంగి కలుపు తీసుకున్నారు.

చివరికి ఫౌండేషన్ వాళ్ళు వచ్చే రోజు వచ్చింది. నాయుడు కొత్త చొక్కా, బూట్లు వేసుకున్నాడు. మట్టిబడిలో బూట్లు చూడటం నాకు అదే మొదలు. మాకు తలా ఒక టోపీ ఇచ్చి గట్టు పక్కన వరసలో నిలబెట్టాడు.

కారు మలుపు తిరుగుతుండగా నా ఫోను మోగింది. తాత.

"నిన్ననే దున్నడం అయిపోనాదమ్మా. ఈ పొద్దు సాయంత్రమే మన కాలవ వంతు. నీళ్ళెట్టీమంటావా, ఆరబెట్టీమంటావా? ఈ వంతు పోతే మళ్ళా ఎప్పుడో."

నాకు తెలియదు. ఓలమ్మో, నాకు తెలియదు. ఫోను చేత్తో మూసి నాయుడి చొక్కా పట్టుకుని ఆపాను.

"సార్, తాత అడుగుతున్నాడు. దున్నాక నీళ్ళు పెట్టాలా, ఆరబెట్టాలా? కాలవ వంతు ఇవాళే."

"తరవాత, తరవాత!" అని నా చెయ్యి విదిలించుకుని కారు వైపు పరిగెత్తాడు.

"కాసేపట్లో చేస్తాను తాతా," అని ఫోను పెట్టేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ప్రభంజన్ గారు దిగాడు. మర్యాదస్తుడు. అందరికీ దణ్ణం పెట్టాడు, అమ్మగారి కాళ్ళకి వంగాడు. చెడ్డవాడైతే బాగుండును, తిట్టుకోడానికైనా వీలుగా ఉండేది.

అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టారు. నాయుడు అతన్ని చేను చుట్టూ తిప్పాడు. అప్పటికి పూత చివర్ల మీద మాత్రమే ఉంది. కింద కాయలు కట్టేశాయి. అతనికి అది తెలియదు. తెలియకపోవడం అతని తప్పు కాదు. పక్కన నడుస్తున్న మనిషికి తెలుసు.

"అద్భుతంగా ఉందండీ," అంటూ ఫొటోలు తీసుకున్నాడు ప్రభంజన్ గారు. మా వరస దగ్గరికి వచ్చి, "ఎలా ఉందమ్మా ట్రైనింగు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపల నాయుడు, "చాలా సంతృప్తిగా ఉన్నారు సార్," అన్నాడు. ప్రభంజన్ గారు తలాడించి ముందుకి వెళ్ళిపోయాడు. మా చేతులు చూడలేదు. అమ్మగారు చూపిద్దామన్నది మమ్మల్నే.

చేను ముందు ఆగి అతను అన్నాడు, "నాయుడు గారూ, దీన్ని ఇలాగే ఉంచండి. మా చైర్మన్ గారు వచ్చే నెలలో వస్తారు. ఆయన్ని ఇక్కడే, ఈ పూల ముందు నిలబెట్టి మాట్లాడిస్తాను. వచ్చే ఏటి సంగతి నాకు వదిలేయండి. బడి ఆగదు."

నాయుడి మొహం చూడాల్సింది. ఇన్నాళ్ళ బరువు ఒక్కసారి దించినట్టయింది. కళ్ళల్లో నీళ్ళు.

"అలాగే సార్," అన్నాడు. "ఇలాగే ఉంచుతాం."

నా పక్కన గవరయ్య మేస్టారు టోపీ తీసేశారు. "ఓర్నాయనో," అన్నారు మెల్లగా.

వచ్చే నెల! నారు ఏమైపోతుంది? మేం ఏమైపోతాం? వచ్చే నెలకి మా బ్యాచి వెళ్ళిపోతుంది, చేనుని తాడు బయట నుంచి చూసి.

అమ్మగారు కుర్చీలోంచి లేచారు. నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి, కర్రకి కట్టిన నైలాన్ తాడు ముడి విప్పారు. తాడు కింద పడింది. బ్యానరు ఒక పక్కకి ఒరిగింది. ఆవిడ మా వైపు తిరిగారు.

"చెప్పులు విప్పండి," అన్నారు.

నేను చెప్పులు విసిరేశాను. విప్పడం కాదు, విసిరేశాను. షెడ్డులోకి పరిగెత్తి కొడవళ్ళు తెచ్చాను. అందరం దిగాం. గవరయ్య మేస్టారు పంచె ఎగ్గట్టి నా ముందే ఉన్నారు.

"అయ్యయ్యో, ఏం చేస్తున్నారండీ!" ప్రభంజన్ గారు అరిచాడు. "ఇంత మంచి పైరు! ఆపమనండి!"

"కోస్తున్నాం బాబూ," అన్నారు అమ్మగారు. "దున్నాల్సిన రోజు దాటిపోయింది. ఊరికే దున్నితే నాగలికి చుట్టుకుంటుంది. ముక్కలు చేసి తొక్కాలి."

"మరి చైర్మన్ గారు?"

"రమ్మనండి. ఆయనకీ ఓ కొడవలి ఉంది."

ప్రభంజన్ గారి మొహం ముడుచుకుపోయింది. "మేం మళ్ళీ మాట్లాడతాం," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. కారు వెళ్ళిపోయింది. నాయుడు కారు వెనక కొంత దూరం నడిచాడు. తరవాత వెనక్కి వచ్చాడు. కొడవళ్ళు ఆగిపోయాయి.

గురువు మీద శిష్యుడు అలా అరవడం నేను ఎక్కడా చూడలేదు.

"ఏటి చేశారండీ మీరు! నోటి దాకా వచ్చింది కదండీ! ఎన్నాళ్ళు తిరిగాను, ఎంతమంది కాళ్ళు పట్టుకున్నాను! మీరు హాయిగా డ్రమ్ములో కర్ర తిప్పుకుంటూ కూర్చున్నారు. బియ్యం ఎక్కడి నుంచి వస్తుందో మీకు తెలుసా? ఎడ్లవాడు నన్ను ఏమంటున్నాడో తెలుసా? పాఠం, పాఠం అంటారు. బడి లేకపోతే పాఠం ఎక్కడ చెప్తారు? ఈ చేను మీద ఆశ పెట్టుకున్నానండీ నేను! మీ చేతులతో మీరే నరికేశారు!"

అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు.

అమ్మగారు వంగి ఓ జనుము మొక్క పీకారు. వేళ్ళకున్న మట్టి దులిపి అతని చేతిలో పెట్టారు.

"విరువు," అన్నారు.

"ఇప్పుడిదంతా ఎందుకండీ."

"విరువు నాయుడూ."

నాయుడు రెండు చేతులతో పట్టుకుని వంచాడు. మొక్క వంగింది. అటు వంచాడు, ఇటు వంచాడు. మెలితిప్పాడు. పళ్ళు బిగించి లాగాడు. తొక్క చీలి నార బయటపడింది గానీ తెగలేదు. అరచెయ్యి కోసుకుపోయి ఎర్రగా అయింది. ఇంకా లాగుతూనే ఉన్నాడు. నాకు చూడబుద్ధి కాక తల తిప్పుకున్నాను.

కాసేపటికి చేతులు దించేశాడు. మొక్క అతని వేళ్ళ నుంచి వేలాడుతోంది. గొంతు పూర్తిగా తగ్గిపోయింది.

"వచ్చే ఏడు బడి ఉండదు అమ్మగారూ," అన్నాడు.

అమ్మగారు అతని వైపే చూస్తున్నారు.

"ఈ ఏడు ఉందా నాయుడూ?"

నాయుడు మా వైపు చూశాడు. ఒక్కొక్కళ్ళనీ చూశాడు, వచ్చినప్పటి నుంచి అదే మొదటిసారి అన్నట్టు. గట్టు మీద కూలబడ్డాడు. బూట్ల తాళ్ళు విప్పబోతే కోసుకున్న చెయ్యి సహకరించలేదు. చాలాసేపు పట్టింది. మేం నిలబడే ఉన్నాం.

బూట్లు గట్టు మీద వదిలేసి చేలోకి దిగాడు. తిన్నగా నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"ఆ తాతకి ఫోను కలుపు," అన్నాడు. "మడిలో తేమ ఎంత ఉందో అడుగుదాం."